రొట్టెల జట్టు

మా అమ్మ గురించి పేపర్లలో రాసేవాళ్లు ఎప్పుడూ ఆమె గెలిచిన ఏడాది దగ్గర మొదలుపెడతారు. మా రాగిగనుల ప్రాంతం కాపర్‌బెల్ట్‌లో ఫుట్‌బాల్ సంఘానికి తొలి అధ్యక్షురాలని, రొట్టెల వ్యాపారం చేస్తూనే ఊరూరా ఆడపిల్లల జట్లను నిలబెట్టిందని రాస్తారు. పక్కన అమ్మ నవ్వుతున్న ఫోటో వేస్తారు. అంతకుముందు ఆమె ఓడిపోయిన వానాకాలం ఒకటుంది. దాని సంగతి ఎవరూ అడగరు. అడిగినా అమ్మ చెప్పదు. అందుకని నేను చెబుతున్నాను.

మా ఊరి రాగిగనిని అమ్మేసిన మరుసటి ఏడాది అది. కొన్నవాళ్లు సగం మందిని ఇళ్లకు పంపేశారు. వాళ్లలో మా నాన్న ఒకడు. మగవాళ్లు పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, వెళ్లడానికి చోటు లేక వాకిళ్లలో కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు. ఊళ్లో పొగ వచ్చే గొట్టం ఒకే ఒక్కటి మిగిలింది. అది అమ్మ బేకరీది.

అమ్మ పేరు ప్రిస్కా. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. పెద్దబిడ్డను నేను కాబట్టి ఊరందరికీ ఆమె బనా కసోండే, కసోండే వాళ్లమ్మ. నాన్న బషి కసోండే. వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు పిలుచుకునేదీ అలాగే. నాన్న కుర్రతనంలో గని జట్టుకి ఆడినవాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని అమ్మ తన జట్టుని ఆయన చేతిలో పెట్టింది. బేకరీలో పనిచేసే ఆడవాళ్ల కూతుళ్లే జట్టంతా. నేను గోల్‌కీపర్ని. మేం బంతి పట్టుకుని బీరు దుకాణం ముందునుంచి వెళుతుంటే లోపలినుంచి కేకలు వినిపించేవి.

"ఏమ్మా రొట్టెల జట్టూ! ఇవాళ పొంగారా, మాడారా?"

చోంగో ఊరుకునేది కాదు. "పొంగేది మేమే బాబాయ్. నానుతున్నది నువ్వు!" అని అరిచి పరిగెత్తేది. మా జట్టులో అందరికన్నా వేగం ఆ పిల్లకే. వాళ్లమ్మ బనా చోంగో మా బేకరీ పొయ్యి దగ్గర పనిచేసేది. భర్త లేని మనిషి. ఇద్దరు కూతుళ్లు.

మా వైపు మామిడికాయలు పండేది డిసెంబరులో, వానల్లోనే. ఆ రోజుల్లో ఒక ఆదివారం చర్చి అయ్యాక ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు సికాజ్వే మా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. ఫిబ్రవరిలో ఎన్నికలు. అమ్మ పోటీ చేస్తోందని అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

"బనా కసోండే, మీరు ఉపాధ్యక్షురాలిగా ఉండండమ్మా. మహిళా విభాగం మొత్తం మీకే వదిలేస్తాను. ఆ పెద్ద కుర్చీలో ఏముంది, తలనొప్పులు తప్ప?"

"తలనొప్పులయితే నాకిచ్చేయండి మరి. ఈ వయసులో మీకెందుకు?" అంది అమ్మ.

నాన్న పకపకా నవ్వాడు. సికాజ్వే కూడా నవ్వాడు.

"వారానికి ఒక్క రోజు స్టేడియం మా పిల్లలకి ఇవ్వమని ఎన్నిసార్లు అడిగాను?"

"వానాకాలం వెళ్లనివ్వండి. గడ్డి పాడవుతుంది."

"మగపిల్లలు తొక్కితే పాడవని గడ్డి ఆడపిల్లలు తొక్కితే పాడవుతుందా?"

ఆయన మామిడిపండు టెంక దాకా శుభ్రంగా తిని, చేతులు కడుక్కుని, అమ్మకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మేం ఎప్పటిలాగే గని చెత్త పోసిన నల్లదిబ్బ పక్కనున్న బయలులోనే ఆడుకున్నాం. స్టేడియానికి కప్పు ఉంది. నాలుగు మూలలా దీపాల స్తంభాలు ఉన్నాయి, వాటి కొసన పిడుగు పడకుండా ఇనపకమ్మీలు ఉన్నాయి. మా బయలులో గోలుపోస్టుల కన్నా ఎత్తయినది ఏదీ లేదు.

జనవరిలో ఒక శనివారం. మర్నాడు ఎండోలా జట్టుతో మ్యాచ్ ఉంది. ఆ మ్యాచ్ చూడటానికి వేరే ఊళ్ల సంఘాలవాళ్లు, అంటే ఓట్లున్నవాళ్లు, వస్తామన్నారు. మధ్యాహ్నం నుంచే ఉక్కగా ఉంది. దిబ్బ వెనక మబ్బు లేచింది. ఎక్కడో దూరంగా ఉరిమింది. నాన్న విజిల్ నోట్లోంచి తీసి, రొట్టెల వ్యాను పక్కన నిలబడ్డ అమ్మ దగ్గరికి వచ్చాడు. నా గోలు అక్కడికి దగ్గరే.

"ఆపేద్దామా?"

అమ్మ ఆకాశం వైపు చూసింది. "ఇంకాస్సేపు ఆడనివ్వండి. మబ్బు అటు పోతోంది. కార్నర్లు ఇంకా కుదరలేదు."

నాన్న విజిల్ మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

పిడుగు పడిన చప్పుడు నాకు వినబడలేదు. ఒక్కసారిగా అంతా తెల్లబడిపోయింది. తెలివొచ్చేసరికి బోర్లా పడి ఉన్నాను. నోట్లో నాణెం పెట్టుకున్నట్టు ఏదో రుచి. తలెత్తి చూస్తే అందరూ నేలమీదే ఉన్నారు. ఒక్కొక్కళ్లే లేచి కూర్చుంటున్నారు. ఒకమ్మాయి తన చేతులు తను చూసుకుని ఏడుస్తోంది. ఇంకొకమ్మాయి నవ్వుతోంది, ఎందుకో దానికే తెలీదు.

కార్నర్ జెండా దగ్గర చోంగో లేవలేదు.

అమ్మ పరిగెత్తింది. చెప్పులు నిన్నటి వాన బురదలో ఉండిపోయాయి. నాన్న చోంగో గుండెల మీద చేతులు వేసి నొక్కుతూనే ఉన్నాడు. "చాలు" అని అమ్మ ఆయన భుజం పట్టుకుంది. ఆయన ఆపలేదు. అప్పుడు మొదలైంది వాన. వ్యాన్లో ఖాళీ రొట్టె తట్టల మధ్య చోంగోని పడుకోబెట్టాం. ఆసుపత్రికి వెళ్లే దారి బేకరీ ముందునుంచే. అమ్మ వ్యాను ఆపించి దిగి, పొయ్యి గదిలోకి వెళ్లింది. బనా చోంగో చేతుల నిండా పిండితో బయటికి వచ్చింది.

మా దగ్గర చావింటికి పిండీ కట్టెలూ పట్టుకెళ్లడం ఆనవాయితీ. అమ్మ పిండి బస్తాలతోపాటు తెల్లవారి దించిన రొట్టెలన్నీ పట్టుకెళ్లింది. వాకిట్లో మగవాళ్లు దుంగల మంట చుట్టూ కూర్చున్నారు. లోపల సామాను తీసేసి, ఆడవాళ్లు నేలమీద చాపలు పరుచుకున్నారు. చావింట్లోకి ఎవరు ఏడుస్తూ వచ్చినా గదంతా గొంతు కలుపుతుంది. కలపకపోవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అమ్మ గడప దగ్గర మోకాళ్ల మీద కూలి, చోంగో పేరెత్తి ఏడ్చింది. గది గప్‌చుప్ అయిపోయింది. అమ్మ గొంతు ఒక్కటే ఆ గోడల మధ్య తిరిగి, తిరిగి, చివరికి ఆగిపోయింది. గోడకి చేరగిలబడ్డ బనా చోంగో తలెత్తలేదు. పక్కనున్న ఆవిడ ఆడపడుచు తన చాపని ఇటు జరుపుకుంది, అమ్మకి చోటు లేకుండా.

మేం తెచ్చిన రొట్టెలు ఎవరూ లోపలికి తీసుకురాలేదు. వాకిట్లోనే వానకి నాని ముద్దయిపోయాయి.

వారం తిరక్కుండా ఆ మాట నా చెవిన కూడా పడింది. కొళాయి దగ్గర వరసలో ఉన్నాను. ముందున్న ఇద్దరు నన్ను చూసుకోలేదు.

"ఎన్నికలు ఊరికే గెలుస్తారటే? నెత్తురు కావాలి. పిడుగుని పంపించేవాళ్లు ఉన్నారు లుఆపులా వైపు."

"అంతమంది పిల్లలుండగా ఒక్కదాని మీదే పడటమేంటి? అదీ తండ్రి లేని పిల్ల మీద!"

"మన మొగుళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే ఆవిడ పొయ్యి ఒక్కటీ ఎలా మండుతోందని నేను ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఆ పిండిలో ఏం కలుపుతుందో దేవుడికే తెలియాలి."

అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూశారు. "రా అమ్మా కసోండే, ముందు నువ్వు పట్టుకో నీళ్లు" అని పక్కకి తప్పుకున్నారు. అంత మర్యాద నాకు ఎప్పుడూ ఎవరూ చెయ్యలేదు.

రొట్టెలు వెనక్కి రావడం మొదలైంది. పొద్దున నిండుగా వెళ్లిన వ్యాను సాయంత్రానికి నిండుగానే తిరిగొచ్చేది. దుకాణాలవాళ్లు మొహం మీద ఏమీ అనలేదు. "వర్షాలు కదమ్మా, అమ్మకాలు లేవు" అన్నారు. బడిపిల్లలకి ఊరికే పంచిపెట్టమని అమ్మ పంపిస్తే హెడ్‌మాస్టరు గేటు దగ్గరే చేతులు జోడించాడు. బేకరీలో పనిచేసే ఆడవాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు మానేశారు. జట్టు కూడా అలాగే విడిపోయింది. ఇద్దరు ముగ్గురు తల్లులు మాత్రం ఇంటికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, "మాకు మీ మీద ఏమీ లేదు, పిల్లల నాన్న ఒప్పుకోవట్లేదు" అని చెప్పి వెళ్లారు.

నాన్న అన్నయ్య ఎవరిస్తో పెదనాన్న ఉత్తరాది నుంచి బస్సెక్కి వచ్చాడు. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"చూడమ్మా, నేను నమ్ముతున్నానా లేదా అన్నది వేరే సంగతి. ఊరు నమ్ముతోంది. కిట్వేలో ఒక ప్రవక్త ఉన్నాడు. జనం ముందు నీ తలమీద చెయ్యేసి ప్రార్థన చేస్తాడు. నువ్వు పోటీలోంచి తప్పుకుంటున్నానని ఒక్క మాట చెప్పు. అంతటితో అయిపోతుంది."

"ఏం అయిపోతుంది బావగారూ?"

"నీ రొట్టెలు మళ్లీ అమ్ముడవుతాయి."

"చేశానని ఒప్పుకున్నట్టే కదా అది?"

"ఒప్పుకుంటే పోయేదేముంది? పరువు ఎలాగూ మిగల్లేదు."

అమ్మ టీ పెట్టడానికి లేచింది. పొద్దున కాల్చిన రొట్టె కోసి, వెన్న రాసి, ముగ్గురికీ పళ్లేల్లో పెట్టింది. పెదనాన్న పళ్లాన్ని పక్కకి నెట్టేస్తాడని నాకు తెలుసు. నెట్టేశాడు. నాన్న టీ తాగాడు. రాత్రి మిగిలిన ఉడకబెట్టిన చిలగడదుంప తీసుకుని, తొక్క వొలుచుకుని, నెమ్మదిగా తినేశాడు. రొట్టె ముట్టుకోలేదు.

అమ్మ నిలబడి చూస్తూ ఉంది.

"మీరు కూడా నమ్ముతున్నారా?" అంది.

"లేదు ప్రిస్కా," అన్నాడు నాన్న. ఆయన అమ్మని పేరు పెట్టి పిలవగా నేను మొదటిసారి విన్నాను. "నమ్మట్లేదు. గొంతు దిగడం లేదు, అంతే."

ఆపేద్దామా అని తను అడిగిన సంగతి నాన్న ఎవరికీ చెప్పలేదు. సొంత అన్నకి కూడా చెప్పలేదు. ఆ మాట మా ముగ్గురి మధ్యే ఉండిపోయింది. ఒకే ఇంట్లో ఒకళ్లనొకళ్లు తప్పుకుని తిరుగుతున్నాం.

ఎన్నికల ముందు అమ్మ నన్ను వెంటబెట్టుకుని బనా చోంగో ఇంటికి వెళ్లింది. ఆవిడ వాకిట్లో రోడ్డు పక్కన అమ్మడానికి తెచ్చిన పుట్టగొడుగుల మట్టి దులుపుతోంది. చిన్నకూతురు ఎన్గోసా మమ్మల్ని చూసి లోపలికి పోయింది. అమ్మ నేలమీద కూర్చుంది. బనా చోంగో పని ఆపలేదు.

"నువ్వు చేశావా?" అని అడిగింది. ఇన్నేళ్లూ మా అమ్మని 'మీరు' అన్న మనిషి.

"లేదక్కా."

"చెయ్యలేదని నాకు తెలుసు. నీ దగ్గర అన్నేళ్లు పనిచేశాను, నువ్వేంటో నాకు తెలీదా? కానీ ఆ ఆట లేకపోతే నా బిడ్డ ఇవాళ ఇక్కడ కూర్చుని ఈ మట్టి దులుపుతూ ఉండేది. అది కూడా నాకు తెలుసు." ఇంకో పుట్టగొడుగు చేతిలోకి తీసుకుని అడిగింది. "ఉరిమిందా, ఆ రోజు? ముందే?"

అమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. బనా చోంగో ఆమె మొహం కేసి అలాగే చూసి, పుట్టగొడుగుల తట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఎన్నిక ఎండోలాలో, ఒక పాత సినిమా హాల్లో. వ్యాను నాన్న నడిపాడు. లోపలికి రానని బయటే ఉండిపోయాడు. హాలు నిండా మగవాళ్లే. అమ్మ తరఫు మనుషులు ఇద్దరు ఆమెని గుమ్మంలోనే ఆపి బతిమాలారు. "ఆ పిల్ల సంగతి ఎత్తకు. లీగు గురించి మాట్లాడు, మైదానాల గురించి మాట్లాడు. ఇంకా మనకి అవకాశం ఉంది."

ముందు సికాజ్వే మాట్లాడాడు. చనిపోయిన చిన్నారి ఆత్మశాంతికి అందరినీ లేచి నిలబడమన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు. తర్వాత అమ్మ లేచింది.

"ఆ పిల్ల పేరు చోంగో," అంది. "మేం ఆడుకునే బయలు మీకందరికీ తెలుసు. స్టేడియం తాళం ఎవరి దగ్గర ఉందో కూడా తెలుసు. అది నేను వేరే చెప్పక్కర్లేదు. మీకు తెలీనిది ఒకటుంది. ఆ రోజు ముందే ఉరిమింది. మా కోచ్ ఆపేద్దామా అని అడిగాడు. ఇంకాస్సేపు అన్నది నేను. మర్నాడు మీరంతా చూడటానికి వస్తున్నారనే అలా అన్నాను. మంత్రం లేదు, తంత్రం లేదు. చేసింది నా నోటి మాట."

అమ్మ ఆ వరసల వైపు ఒకసారి చూసి మళ్లీ అందుకుంది.

"నాకు ఓటు వెయ్యండి, మానండి. ఒక్క నిబంధన పెట్టండి. ఉరుము వినబడితే ఆట ఆగిపోవాలి. మగపిల్లలదైనా, ఆడపిల్లలదైనా, ఫైనలైనా సరే. ఎవరినీ అడగనక్కర్లేకుండా ఆగిపోవాలి."

ఆమెకి ఓట్లు వేసినవాళ్లు ఒక బెంచీకి సరిపోతారు. సికాజ్వే మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని, "నిజాయితీ గల మాట మాట్లాడారమ్మా. మగవాడెవడూ మాట్లాడలేడు" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు ఉన్నాయి. అవి నిజం నీళ్లేనని ఇప్పటికీ నా నమ్మకం. ఆ నిబంధన రెండు నెలల్లో ఆయన సంతకంతోనే వచ్చింది.

వ్యాన్లో ముగ్గురం తిరుగుదారి పట్టాం. వాన దంచుతోంది. అద్దం తుడిచే పుల్లలు ఆడుతున్నాయి.

"ఆపేద్దామా అన్నది నేనని కూడా చెప్పావట," అన్నాడు నాన్న. ఎవరో అప్పుడే ఆయన చెవిన వేసినట్టున్నారు.

"తప్పు మీ మీద ఉండకూడదని చెప్పాను."

"అడిగినవాడివి ఎందుకు ఆపలేదని రేపట్నుంచి ఊరంతా నన్నడుగుతుంది. విజిల్ నా నోట్లోనే కదా ఉంది." కొంతదూరం పోయాక, "రోజూ నన్ను నేను అడుగుతున్నదే. అది చాలేది నాకు" అన్నాడు.

అమ్మ ఆయన చేతి మీద చెయ్యి వెయ్యబోయింది. ఆయన గేరు మార్చాడు.

ఆ నెలాఖరుకి నాన్న అన్నయ్య దగ్గరికి వెళ్లాడు. రాగులు కోతకొచ్చే వేళ, సాయం కావాలట, కోతలయ్యాక వస్తానన్నాడు. కోతలయ్యాయి. ఆయన రాలేదు. అమ్మ రెండుసార్లు బస్సెక్కి వెళ్లి చూసి వచ్చింది. మూడోసారి వెళ్లలేదు. నాన్న అక్కడే చేను చేసుకుంటూ ఉండిపోయాడు. ఆ ఊరి పిల్లలు బంతి ఆడుతుంటే గట్టు మీదకి కూడా వెళ్లేవాడు కాదని పెదనాన్న చెప్పేవాడు.

మార్చిలో అమ్మ బేకరీ పొయ్యి ఆర్పేసింది. వ్యాను కూడా పోయింది. మమ్మల్ని ఎరగని ఊళ్లకి మొక్కజొన్న పిండి తీసుకెళ్లి అమ్మేది. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని వాకిట్లో కూర్చునేది. ఒక రోజు నేనే అన్నాను, మళ్లీ ఆడదామా అని. అమ్మ మంచం కింద ఉన్న బంతిని తీసి గాలి కొట్టింది.

మే నెలకి వానలు పూర్తిగా ఆగిపోయాయి. స్టేడియం అప్పటికీ మాకు ఇవ్వలేదు. అదే బయలు. మొదటి సాయంత్రం నాతో కలిపి ముగ్గురం. నాన్న విజిల్ అమ్మ మెడలో ఉంది. ఎలా ఊదాలో తెలీక గాలే వస్తోంది. నవ్వొచ్చినా, నవ్వడానికి భయపడ్డాం.

అప్పుడు దారి వెంట ఎన్గోసా పరిగెత్తుకుంటూ వచ్చింది. కాళ్లకి బూట్లు లేవు. వెనకాల వాళ్లమ్మ, చాప చంకన పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. అమ్మ విజిల్ వదిలేసి నిలబడిపోయింది.

బనా చోంగో దగ్గరికి వచ్చి ఆగింది. ఆయాసపడుతోంది.

"కట్టేసినా ఆగేట్టు లేదు ఇది," అంది. "హాల్లో మీరు ఏం చెప్పారో జనం చెప్పగా విన్నాను. నా వాకిట్లో చెప్పి ఉండాల్సింది. అందరికన్నా ముందు నాకు చెప్పి ఉండాల్సింది."

"అవునక్కా," అంది అమ్మ.

"మీ పని మీరు చూసుకోండి. ఇక్కడ కూర్చుంటాను నేను."

గీత పక్కన చాప పరుచుకుంది. ఆటకి వీపు పెట్టి, దిబ్బ వైపు తిరిగి కూర్చుంది. ఎన్గోసా వెంటనే బంతి అందుకుని గోలు మీదకి తన్నింది. నేను పట్టుకోలేకపోయాను. "అమ్మా, చూశావా?" అని అరిచింది ఆ పిల్ల. వాళ్లమ్మ తిరగలేదు.

మే నెలలో మా ఊరి మీద మబ్బు అన్నది ఉండదు. ఆకాశం తుడిచిపెట్టినట్టు ఉంది. చీకటి పడి మేం బంతి సర్దేదాకా ఆవిడ ఆ ఆకాశం కేసే చూస్తూ కూర్చుంది.